మూడో కంపెనీ దాటిన ఆదివారం

పళ్ళాయన ఇల్లేదంటే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. పళ్ళ డాక్టర్లు పంపే అచ్చుల్లో ప్లాస్టరు పోసి, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసి ఇవ్వడం ఆయన వృత్తి. ఇంటి ముందు గదే పనిగది. "ఈ చుట్టుపక్కల ముసలివాళ్ళలో సగం మంది నేను చేసిన పళ్ళతోనే నన్ను తిట్టుకుంటారు" అని నవ్వేవాడు, నవ్వే రోజుల్లో. ఇంట్లో మాత్రం ఆయన్ని పెద్దవాడనే అంటారు. చిన్నవాడు పోయి ఏళ్ళు గడిచినా ఆ పిలుపు మారలేదు.

చిన్నవాడు పోయింది యుద్ధంలో. అదీ ఎదురెళ్ళి పోరాడుతూ కాదు, వెనక్కి తగ్గి వస్తూ. ఒక నది, దాని మీద ఒకే ఒక వంతెన. అవతలి ఒడ్డున, పెంకుల ఫ్యాక్టరీ దగ్గర మూడో కంపెనీ కాపలా. మిగతా సైన్యమంతా దాటాక ఆఖరున వాళ్ళు దాటాలి. వాళ్ళింకా రోడ్డు మీద ఉండగానే ఇవతలి ఒడ్డున ఉన్న కమాండరు వంతెన పేల్చేయించాడు. ముందు శత్రువు, వెనక నది. ముందు నుయ్యి వెనక గొయ్యి అని అందరం అంటాం గాని, ఆ రెంటి మధ్యా నిలబడ్డవాళ్ళు వచ్చి చెప్పిందెప్పుడు? మూడో కంపెనీలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఎవరో అధికారి వచ్చి, గుమ్మంలో టోపీ తీసి నిలబడి, నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోయాడు. శవం కూడా రాలేదు.

అదే రోజు పొద్దున అదే వంతెన దాటి బతికి వచ్చినవాడు పెద్దవాడి బావమరిది, అంటే భార్యకు తమ్ముడు. వాడూ చిన్నవాడూ ఒక ఈడువాళ్ళు. సైన్యంలో చేరడానికి ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని వెళ్ళారు. వరసలో నిలబడ్డప్పుడు ఎవరో బట్టతలాయన ఇద్దరి మధ్యకీ దూరాడట. ఒకటో కంపెనీకి కావలసిన మంది లెక్క సరిగ్గా ఆ బట్టతలతో నిండింది. ముందున్న బావమరిది ఒకటో కంపెనీకీ, వెనకున్న చిన్నవాడు మూడో కంపెనీకీ పోయారు. మొదట్లో దాన్ని ఇద్దరూ నవ్వులాటగా చెప్పుకునేవారు. ఆ బట్టతల మీద మొట్టికాయ వేసి ఉండాల్సిందని చిన్నవాడు సెలవుకు వచ్చినప్పుడల్లా అనేవాడు.

వంతెన దాటిన కొన్నాళ్ళకు బావమరిది కాలికి దెబ్బ తగిలి చాలా నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడ పొద్దుపోక నేర్చుకున్నదే ఆ యుద్ధం ఆట. ఆరుకోణాల గడులు గీసిన అట్ట, సైన్యాలకు గుర్తుగా బిళ్ళలు, రెండు పాచికలు. బిళ్ళ ఎన్ని గడులు కదలాలో రూలుంటుంది. రెండు బిళ్ళలు తలపడితే ఎవరు నిలిచేదీ ఎవరు కూలేదీ పాచికలు తేలుస్తాయి. తర్వాత వాడు లిఫ్టులు బాగుచేసే పనిలో కుదిరాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క ఇంటికి వచ్చి, బావను కూర్చోబెట్టుకుని ఆడేవాడు. ఎప్పటివో పాత రాజుల యుద్ధాలు, ఎవరికీ నొప్పి లేనివి.

ఒక ఆదివారం పెద్దవాడు కొత్త అట్ట ఒకటి బల్ల మీద పరిచాడు. గడులు తనే గీశాడు. మధ్యలో నీలంగా ఒక నది.

బావమరిది అట్ట మీదికి వంగి చూశాడు. తర్వాత వేలు పెట్టి, "ఫ్యాక్టరీ ఇంకొంచెం ఎడమకుండాలి బావా. ఈ రోడ్డు ఇంత తిన్నగా లేదు. ఇక్కడ నాలుగు రోడ్ల కూడలి. దాని అవతలంతా బురద" అన్నాడు.

అలా మొదలైంది. బిళ్ళలు పెద్దవాడే చేశాడు. మనవాళ్ళు ప్లాస్టరుతో, తెల్లగా. శత్రువులు పళ్ళసెట్ల చిగుళ్ళకు వాడే గులాబీ ముద్దతో. "ఇంత ముద్దొచ్చే శత్రువుని నేనెక్కడా చూళ్ళేదు" అన్నాడు బావమరిది. గులాబీ సైన్యాన్ని వాడే ఆడాలని మాట. వాళ్ళ యుద్ధపు బండ్ల తీరు కళ్ళారా చూసినవాడు వాడొక్కడే.

పెద్దవాడి మనసులో ఉన్నది ఒకే ప్రశ్న. వేరేలా చేసి ఉంటే మూడో కంపెనీ దాటేదా? కమాండరు బుద్ధి పెట్టి ఉంటే తమ్ముడు ఇంటికి వచ్చేవాడా? వచ్చేవాడనే ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే ఇన్నాళ్ళూ ఆ కమాండరును పొద్దునా సాయంత్రం తిట్టుకుంటూ బతికాడు.

నడిమి గదిలో మంచం మీద తల్లి ఉండేది. చూపు దాదాపు పోయింది గాని చెవులు పాము చెవులు. పాచికలు దొర్లిన చప్పుడు ఆగగానే గోడ అవతలనుంచి అడిగేది.

"ఏరా, వాడు దాటాడా?"

"లేదమ్మా."

"సర్లే. వచ్చే వారం చూడు."

మొదటిసారి ఆయన మూడో కంపెనీని ముందుగానే ఫ్యాక్టరీ నుంచి కదిలించాడు. చాలా తెలివైన పని అనుకున్నాడు. కాపలా లేని ఫ్యాక్టరీ మీదుగా గులాబీ బండ్లు ఎదురు లేకుండా వచ్చి, రోడ్డు మీద నడుస్తున్న మొత్తం సైన్యాన్నే వెనకనుంచి ఊడ్చేశాయి. మూడో కంపెనీతో పాటు మిగతావాళ్ళు కూడా పోయారు.

"అనుభవమైతే గాని తత్వం బోధపడదు. వాళ్ళని అక్కడెందుకు పెట్టారో ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు బావమరిది.

తర్వాతి వారం వాళ్ళని ఫ్యాక్టరీ గోడల మధ్యే ఉంచి, చీకటి పడేదాకా నిలబెట్టి, తర్వాత దాటిద్దామని చూశాడు. గుట్ట మీద శత్రువుల ఫిరంగులు ఉన్నాయి. గోడలు పొద్దు వాలకముందే కూలాయి. ఇంకో వారం రోడ్డు వదిలి పొలాల్లోంచి నడిపించాడు. బురద. అడుగు తీసి అడుగు వేసేలోపు బండ్లు ముందుకెళ్ళి దారి కాశాయి. ఒకసారి వంతెనతో పనిలేకుండా నదిలోకే దించాడు. ఆ కాలంలో నది ఎలా ఉంటుందో బావమరిది నోటితో చెప్పలేదు. చేత్తో చూపించాడు, అరచేతిని పక్కకు విసిరేసినట్టు. ఆ బిళ్ళను పెద్దవాడే తీసి పక్కన పెట్టాడు.

ఓడిన ప్రతిసారీ ఒక కొత్త సంగతి తెలిసేది. కూడలి ఎవరి చేతిలో ఉంటే రోడ్డు వాళ్ళది. ఫిరంగులకు గుట్ట వెనక ఉన్న పల్లం కనపడదు. ఎడమవైపు దాడి వట్టి బెదిరింపే. వారమంతా అచ్చులు అరగదీస్తూ వాటి గురించే ఆలోచించేవాడు. ఒకసారి ఒక ముసలాయన సెట్టులో పై పళ్ళు కిందా కింద పళ్ళు పైనా పెట్టి పంపేశాడు. డాక్టరు ఫోన్ చేసి నవ్వితే ఈయన నవ్వలేదు.

భార్యకు ఆ ఆట మొదటినుంచీ గిట్టేది కాదు. టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టేటప్పుడు అట్ట వైపు చూసేది కాదు. ఒకరోజు వంటింట్లో, "వారం వారం వాణ్ణి చంపుకుంటున్నారు మీరు. ఒక్కసారి పోయింది చాలదా?" అంది.

"చంపడం కాదు. ఎక్కడ తప్పిందో తెలుసుకుంటున్నాను."

"తెలుసుకుని?"

ఆయన గ్లాసు కడిగి బోర్లించి వచ్చేశాడు.

ఆవిడ తమ్ముడితో కూడా ఏదో చెప్పి ఉంటుంది. ఆ పై ఆదివారం గులాబీ బండ్లు కూడలి దగ్గరికి వచ్చి ఊరికే ఆగాయి. ముందుకు కదలడానికి అడ్డేమీ లేదు. బావమరిది తల గోక్కుంటూ, ఏదో పెద్ద ఆలోచనలో ఉన్నట్టు ముఖం పెట్టాడు.

పెద్దవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏంట్రా ఇది?"

"ఆలోచిస్తున్నా బావా."

"ఆ రోజు వాళ్ళు ఆగారా?"

"లేదు."

"మరి నువ్వెందుకాగావు? నాకు ముష్టి వెయ్యకురా. మా అమ్మ గోడ అవతల వింటోంది. దాటాడని ఆవిడకు అబద్ధం చెప్పమంటావా?"

బావమరిది బండ్లను కదిలించాడు. మూడో కంపెనీ ఆ రోజూ పోయింది.

వానలు వెనకబట్టే రోజులకు పెద్దవాడు తాను ఎన్నడూ ఊహించని సంగతి ఒకటి నేర్చుకున్నాడు. అప్పటిదాకా అన్నీ మార్చి చూశాడు గాని వంతెన పేల్చే వేళను మాత్రం మార్చలేదు. ఆ రోజు మార్చాడు. మూడో కంపెనీ వచ్చేదాకా పేల్చకుండా ఆగాడు. ఆయన ఎన్నో ఏళ్ళుగా ఆ కమాండరును ఆగమని మనసులో అరుస్తున్నది అదే. మూడో కంపెనీ వంతెన చివరికి వచ్చింది. దాని వెన్నంటే, దాదాపు దానితో కలిసిపోయి, గులాబీ బండ్లూ వచ్చాయి. ఇవతలి ఒడ్డుకు ఎక్కాయి. అట్ట ఈ చివర రోడ్డు వెళ్ళేది తమ ఊరికే. తల్లి ఉన్న ఊరికి, ఈ వీధికి, ఈ బల్లకు.

మళ్ళీ ఆడాడు. ఇంకొంచెం ముందు పేల్చాడు, ఇంకొంచెం వెనక పేల్చాడు. కమాండరు పేల్చిన వేళకు అటూ ఇటూ ఎక్కడా చోటు లేదు.

"వాడు తప్పు చెయ్యలేదు" అన్నాడు చివరికి.

"నాకూ అంతే అనిపించేది. మీ ఇంట్లో ఆ మాట ఎలా అంటాను?" అన్నాడు బావమరిది.

తల్లి అడిగింది. పెద్దవాడు లోపలికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, కమాండరు సంగతి చెప్పాడు. ఆవిడ అంతా విని, "అయితే నా కొడుకుని అవతల వదిలేసి వంతెన పేల్చినవాడు మంచిపని చేశాడంటావు" అంది.

"మంచిపని అనలేదమ్మా. వేరే దారి లేదంటున్నాను."

"ఉంటుంది. నీకు కనపడలేదంతే. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, ఎదురుగా ఉన్నది కనపడదు నీకు."

అది నిజం కాదు. ఎదురుగా ఉన్నది ఆయనకు కనపడింది. కనపడి చాలా వారాలైంది. ప్రతి ఆటలోనూ మొదటి ఎత్తుకే వంతెన దాటిపోయే ఒక తెల్ల బిళ్ళ ఉంది, ఒకటో కంపెనీ. అది పొద్దున్నే కూడలి మీదుగా వచ్చి, దాటి, క్షేమంగా ఇవతల కూర్చుంటుంది. తెల్ల బిళ్ళలన్నిటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు గాని ఆ ఒక్కదానిని ఆయన ఏనాడూ వేరేలా నడపలేదు. దాని జోలికి పోవాలంటే వేలు రాలేదు. ఎదురుగా కూర్చుని టీ తాగుతున్న మనిషి ఆ బిళ్ళలో ఉన్నాడు.

ఆ మాట బావమరిదే తీశాడు. చలి మొదలైన ఒక ఆదివారం బిళ్ళలన్నీ సర్దాక, తన వైపు నుంచి చెయ్యి చాపి, ఒకటో కంపెనీ బిళ్ళను కూడలి గడిలో పెట్టి వేలితో నొక్కాడు.

"దీన్ని ఇక్కడ ఆపు బావా."

"వద్దురా."

"నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇదొక్కటే చూడలేదు మనం. ఆట కదా, చూద్దాం."

"ఆటే గాని..."

"అక్క వంటింట్లో ఉంది. త్వరగా ఆడు."

పెద్దవాడు ఆడాడు. ఒకటో కంపెనీ కూడలిలో నిలబడింది. గులాబీ బండ్లు వచ్చి తగిలాయి. పాచికలు దొర్లాయి. నిలిచింది. మళ్ళీ తగిలాయి, మళ్ళీ నిలిచింది. మూడోసారి పెద్దవాడు పాచికలు విసిరితే రెండూ ఆరు చూపించాయి. "నక్కని తొక్కి వచ్చావేంటి?" అన్నాడు బావమరిది, నవ్వబోయి. అటుపక్క మూడో కంపెనీ ఫ్యాక్టరీ నుంచి బయటపడి, గుట్ట వెనక పల్లంలోంచి రోడ్డెక్కి, గడి వెంట గడి దాటుతూ వంతెన మీదికి వచ్చింది. నాలుగోసారి పడ్డ దెబ్బకు ఒకటో కంపెనీ కూలింది. బావమరిది తన చేత్తోనే ఆ బిళ్ళను తీసి, అట్ట బయట, టీ గ్లాసు పక్కన పెట్టాడు. అప్పటికే మూడో కంపెనీ ఇవతలి ఒడ్డున ఉంది. వంతెన పేలింది.

గోడ అవతలనుంచి గొంతు వచ్చింది. "ఏరా, వాడు దాటాడా?"

బావమరిది బదులిచ్చాడు. "దాటాడు అత్తయ్యా."

మంచం కిర్రుమంది. ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చింది. ఎన్నో నెలలుగా ఒకరు పట్టుకోకుండా ఆ గది దాటని మనిషి. బల్ల అంచు తగిలాక ఆగింది. "ఏది? వాడు ఏది?"

పెద్దవాడు ఆవిడ వేలు పట్టుకుని బిళ్ళ మీద పెట్టాడు. ఆవిడ దాన్ని తడిమింది. చాలాసేపు తడిమింది. వంటింటి గుమ్మంలో భార్య పళ్ళెంతో నిలబడిపోయింది.

"ఎలా దాటాడు?" అంది తల్లి.

పెద్దవాడు ఏదో ఒకటి చెప్పి తప్పించబోయాడు. బావమరిది ఆ అవకాశం ఇవ్వలేదు. వాడు దాచుకునే మనిషి కాదు, లిఫ్టు తాడు తెగేలా ఉంటే ఓనరు ముఖం మీదే చెప్పే రకం. "మా కంపెనీ కూడలి దగ్గర ఆగింది అత్తయ్యా. మేము అడ్డం నిలబడ్డాం. వాళ్ళు దాటారు."

ఆవిడ తల వాడి గొంతు వైపు తిప్పింది. కోపం లేదు ఆ ముఖంలో. తెలియక అడుగుతున్నట్టే అడిగింది.

"మరి ఆ రోజెందుకు ఆగలేదు నాయనా?"

బావమరిది టీ గ్లాసు పక్కనున్న బిళ్ళ వైపు చూశాడు.

"మాకెవరూ ఆగమని చెప్పలేదు అత్తయ్యా."

"ఒకరు చెప్పాలా?"

"అత్తయ్యా" అంది భార్య గుమ్మంలోంచి, "అది ఆట. అట్టముక్క మీద ఆట. మీ అబ్బాయి పోయాడని మా తమ్ముడు కూడా పోవాలా?"

"నేనలా అన్నానా? అడిగాను, అంతే" అంది తల్లి. చేతిలో బిళ్ళను వదల్లేదు.

బావమరిది లేచి నిలబడ్డాడు. కుర్చీని బల్ల కిందికి జాగ్రత్తగా జరిపాడు. ఎప్పుడూ చెప్పినట్టే "వస్తానక్కా" అని చెప్పి వెళ్ళాడు. పై ఆదివారం రాలేదు. ఆ పైదీ రాలేదు.

పెద్దవాడు ఒక్కడే ఆడటం మొదలుపెట్టాడు. తల్లి చేతిలోంచి ఆ బిళ్ళ రాలేదు గనక, అట్టనూ బిళ్ళలనూ అలాగే వదిలేసి, పనిగదిలో ఇంకో అట్ట గీసుకుని, ఇంకో వరస బిళ్ళలు పోసుకున్నాడు. రెండు వైపులా తనే. ఒకటో కంపెనీని కూడలిలో ఆపాడు. మొదటి దెబ్బకే కూలింది. బండ్లు రోడ్డెక్కి మూడో కంపెనీని కూడా తుడిచిపెట్టాయి. మళ్ళీ ఆడాడు. మళ్ళీ రెండూ పోయాయి. అచ్చులు పక్కన పడి ఉన్నాయి, డాక్టర్లు ఫోన్లు చేస్తున్నారు. ఆయన పాచికలు విసురుతూనే ఉన్నాడు. అన్ని ఆటల్లోనూ రెండు కంపెనీలూ పోయాయి. ఒక్కసారి మాత్రం ఒకటో కంపెనీ చాలాసేపు నిలబడింది గాని, మూడో కంపెనీ వంతెనకు అందలేదు.

అప్పుడు అర్థమైంది ఆయనకు. ఆ ఆదివారం వాళ్ళు కనిపెట్టింది దారి కాదు. పాచికలు పిచ్చిగా పడ్డాయి, అంతే. వ్యూహం బాగుందో లేదో ఒక్క ఆటతో తేలదని పాత రాజుల యుద్ధాలు ఆడే రోజుల్లో బావమరిదే పది సార్లు చెప్పాడు. ఒక ఎత్తు ఒక్కసారి పనిచేస్తే మురిసిపోవద్దు బావా, మళ్ళీ వేసి చూడు అనేవాడు. ఆ ఒక్కసారికే ఇంట్లో అనకూడని మాట పుట్టింది.

మర్నాడు బావమరిది పనిచేసే చోటికి వెళ్ళాడు. ఏవో ఆఫీసులున్న పాత భవనం. లిఫ్టు తలుపులు తెరిచి ఉన్నాయి, అడ్డంగా ఒక గొలుసు కట్టి ఉంది. లిఫ్టు గది పైన ఎక్కడో ఆగింది. కింద గోతిలో, గ్రీజు పట్టిన స్ప్రింగుల మధ్య, తలకు దీపం కట్టుకుని బావమరిది కూర్చుని ఉన్నాడు.

పెద్దవాడు గొలుసు దగ్గర గొంతుకూర్చున్నాడు. "ఒరేయ్."

"నువ్వా బావా. ఆ అంచుకు రాకు, జారుతుంది."

"మళ్ళీ ఆడి చూశానురా. చాలాసార్లు. మీరు ఆగి ఉంటే మీరూ పోయేవాళ్ళు, వాళ్ళూ పోయేవాళ్ళు. ఆ ఆదివారం పాచికలు అలా పడ్డాయంతే."

"తెలుసు."

"తెలుసా?"

"రెండు ఆర్లు పడ్డప్పుడే తెలుసు. ఇది నిలబడే ఎత్తు కాదని."

"మరి అమ్మకి చెప్పొచ్చుగా అప్పుడే?"

బావమరిది చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. దీపం వెలుగు గోడ మీద అటూ ఇటూ తిరిగింది. "ఏం చెప్పను? అత్తయ్య అడిగింది పాచికల గురించి కాదు. ఆగితే ఏమయ్యేదని అడగలేదు ఆవిడ. ఎందుకాగలేదని అడిగింది."

"ఆవిడ ముసలిది. మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోలేదు బావా. ఆ రోడ్లన్నీ అంతకుముందు తిరిగినవే గాని, ఆ రోజు నేను కూడలి చూడనేలేదు, నీకు చెప్పానా? అట్ట మీద అంత పెద్ద గడి గీశావే, అది దాటినట్టు నాకు గుర్తే లేదు. అంతకుముందు రెండు రాత్రులు పడుకోలేదు. ముందువాడి బెల్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని నడుస్తున్నాం. వాడు ఆగితే ఆగేవాళ్ళం, వాడు నడిస్తే నడిచేవాళ్ళం. వెనక ఎవరున్నారో, ముందు వంతెనుందో నదుందో ఎవడికీ పట్టలేదు. వంతెన పేలిన చప్పుడుకి ఇవతల చెట్టు కింద మెలకువ వచ్చింది నాకు. మన ఆటలో నిద్రకి రూలు లేదు బావా."

పైన ఎవరో లిఫ్టు ఎప్పుడు బాగవుతుందని కేకేశారు. బావమరిది "అవుతుంది, మెట్లెక్కండి" అని బదులిచ్చి స్పానరు అందుకున్నాడు.

ఇంటికి వచ్చి పెద్దవాడు తల్లి దగ్గర కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. అది అదృష్టమనీ, మళ్ళీ మళ్ళీ ఆడితే ఎవరూ దాటడం లేదనీ, ఆగినా ఫలితం ఉండేది కాదనీ. తల్లి పిడికిలి తలగడ మీద ఉంది. వేళ్ళ మధ్య ప్లాస్టరు తెల్లగా కనపడుతోంది.

"మళ్ళీ ఆడావా?" అంది.

"ఆడానమ్మా."

"ఎందుకాడావు?" ఆవిడ పిడికిలిని దుప్పటి కిందికి లాక్కుంది. "దాటాడు కదరా. దాటినవాణ్ణి మళ్ళీ అవతలికి ఎందుకు తీసుకెళ్ళావు?"

"నిజం తెలియాలని..."

"ఆ నిజమేదో నువ్వే ఉంచుకో. ఇంక ఆడకు. నేను బతికున్నన్నాళ్ళూ ఆడకు. వాణ్ణి అలా ఉండనీ."

ఆయన ఒప్పుకున్నాడు. పనిగదిలో అట్ట చింపి పొయ్యిలో వేశాడు. రెండో వరస బిళ్ళలు పాత ప్లాస్టరు ముక్కలతో కలిపి చెత్తలో పారేశాడు. భోజనాల బల్ల మీది అట్టను మాత్రం తియ్యడానికి తల్లి ఒప్పుకోలేదు. దాని మీద దుమ్ము పేరుకుంది. భోజనాలు వంటింట్లో, కింద కూర్చుని చేస్తున్నారు.

ఆదివారాలు భార్య తమ్ముడి ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. అత్తగారికి అన్నీ అమర్చి, మాట తూలకుండా, మాట కలపకుండా వెళ్ళి, దీపాల వేళకు తిరిగి వచ్చేది. ఒక ఆదివారం చెప్పులు వేసుకుంటూ, "మీరూ రాకూడదూ? వాడు మిమ్మల్ని అడుగుతుంటాడు" అంది. అడుగుతున్నాడో లేదో ఆయనకు తెలియదు. వెళ్ళాడు.

బావమరిది తలుపు తీసి, "రా బావా" అన్నాడు. ఆ పిలుపులో కల్మషం లేదు. కుర్చీ మీద బట్టలు తీసి చోటు చేశాడు. భార్య వంటగదిలోకి వెళ్ళింది, ఈసారి కావాలనే కాస్త ఆలస్యం చేస్తున్నట్టుంది. మగవాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో చిన్న బల్ల, దాని మీద ఏమీ లేదు.

"ఆ భవనంలో లిఫ్టు బాగయిందా?"

"బాగయింది. మోటారు మార్చాల్సి వచ్చింది."

"ఊఁ."

"పని ఎలా ఉంది బావా?"

"ఉంది. కొత్త డాక్టరొకాయన పంపుతున్నాడు. అచ్చులు సరిగ్గా తియ్యడు."

"అవునా."

టీ వచ్చింది. తాగారు. చలి ఎక్కువగా ఉందని ఒకరన్నారు, అవునని ఇంకొకరన్నారు. ఇన్నేళ్ళూ వారం వారం గంటల తరబడి కూర్చున్న మనుషులు. ఏ గడిలో ఎవరు నిలబడాలో తప్ప తమ మధ్య వేరే సంభాషణే లేదని ఇద్దరికీ ఆ మధ్యాహ్నమే తెలిసింది. పెద్దవాడు చిన్నవాడి మాట ఏదైనా తీద్దామనుకున్నాడు. బావమరిది ముఖం చూసి ఊరుకున్నాడు. బావమరిది కూడా రెండుసార్లు ఏదో అనబోయి, గ్లాసు ఎత్తి ఖాళీది అని చూసి దించాడు.

భార్య లేచేదాకా ఆయన కూర్చున్నాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు బావమరిది. దారిలో ఆవిడ, "నయం, వచ్చారు" అంది. ఆయన తలూపాడు.

తర్వాతి ఆదివారం ఆవిడ ఒక్కతే వెళ్ళింది.